భోంగా మోసినోడు

పోయిన నెల సాంచాల గురించి రాస్తె ముగ్గురు ఫోన్ చేసిండ్రు. ముగ్గురూ అరుసుకుంటనే మాట్లాడిండ్రు, నేనూ అరుసుకుంటనే జవాబు చెప్పిన. సాంచాల ఖాతాల పనిచేసినోళ్ళ ఫోను అట్లనే ఉంటది, ఇంట్లోళ్ళు కొట్లాట అనుకుంటరు. ఈ నెల ఇంకో చప్పుడు ముచ్చట.

జనవరి 18 శనివారం నాడు మా పెద్దోడు నవీ ముంబయిల డి.వై. పాటిల్ స్టేడియంకు పోయిండు. కోల్డ్‌ప్లే అని ఇంగ్లండోళ్ళ బ్యాండు వచ్చింది. 18, 19, 21, మూడు దినాలు వాయించిండ్రు. మామూలు టికెట్లల్ల తక్కువదే రెండున్నర వేలు. కాలేజీల ఉన్నప్పుడు వాడు ఆ పాటలు చెవుల వైర్లు పెట్టుకొని వింటుండె. 2016ల బాంద్రా-కుర్లా కాంప్లెక్సుకు ఆ బ్యాండు వచ్చినప్పుడు ఒకసారి చూసిండు, ఇప్పుడు మళ్ళ పోయిండు. వానికి 41 ఏండ్లు. నెత్తి మీద వెంట్రుకలు సగం పోయినయి, బీపీ గోలీ వేసుకుంటడు. రాత్రి ఒంటిగంటకు ఇంటికొచ్చిండు, గొంతు పోయింది, కండ్లు ఎర్రగున్నయి. మా కోడలు నవ్వింది. "ఈ వయసుల ఏడ్సుకుంట పాటలు వింటరా" అన్నది. వాడు సిగ్గుపడి నా దిక్కు చూసిండు.

నేను నవ్వలే. ఒకటి, జనవరి 18 అంటే మన ఇండ్లల్ల వేరే తారీకు. 1982ల ఆ దినమే బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. రెండోది, నేనూ అట్ల ఒకసారి పోయిన, 51 ఏండ్ల వయసుల. మా బ్యాండుకు టికెట్టు లేకుండె, అంతే తేడా.

మా బ్యాండు అంటే వర్లీ బి.డి.డి. చాల్ల బెంజో పార్టీ. చిన్నోళ్ళకు తెల్వకపోవచ్చు గనక చెప్త. బెంజో అంటే ఇంగ్లీషు సినిమాల గుండ్రంగ కనపడేది కాదు. మూరెడు, మూరెడున్నర కట్టె పెట్టె, దాని మీద తీగలు, తీగల మీద టైపు మిషన్‌కు ఉన్నట్టు మీటలు. ఎడమ చేత్తోని మీటలు నొక్కాలె, కుడి చేత్తోని చిన్న ముక్క పట్టుకొని తీగలు మీటాలె. అది అసలు జపానుదట, నగోయా ఊర్ల 1912ల చేసిండ్రట, మనమరాలు ఫోన్ల చూసి చెప్పింది. మన దేశానికి వచ్చినంక బుల్‌బుల్ తరంగ్ అన్నరు. బొంబాయి మిల్లు పోరలు దానికి పికప్పు పెట్టి, ఆంప్లికి తగిలించి, కారు బ్యాటరీ మీద నడిపించి, హాత్‌గాడి మీద పెట్టుకొని గల్లీ గల్లీ తిప్పిండ్రు. గణపతి, గోవింద, పెండ్లి బరాత్, దేనికైన అదే. 2016ల బెంజో అని ఒక హిందీ సినిమా కూడ వచ్చింది, రితేశ్ దేశ్‌ముఖ్‌ది.

మా పార్టీల ఐదుగురు. బెంజో వాయించే అన్న మనోడే, మా పక్క బిల్డింగు, మా మిల్లుల్నే సాంచాల ఖాతా. ఢోలక్ వాయించేటాయన కొంకణం నుంచి వచ్చినోడు, స్పిన్నింగుల పని. ట్రంపెట్ ఒకాయన, బోంగో-కోంగో ఒకాయన, ఖుల్‌ఖులా ఊపేటోడు ఒకడు. వీళ్ళ పేర్లు రాస్తలేను. ఇద్దరు లేరు, ఉన్నోళ్ళకు పత్రికల పడుడు ఇష్టమో కాదో. వాళ్ళంత నా కన్న నాలుగైదేండ్లు పెద్దోళ్ళు. 1973ల నాకు పద్నాలుగేండ్లు. మున్సిపాలిటీ తెలుగు బడిల నాలుగో తరగతి చదివి ఇడిసిపెట్టిన, హోటల్ల గ్లాసులు కడుగుతుండె. ఆ ఏడు 'యాదోంకీ బారాత్' వచ్చింది. ఆర్.డి. బర్మన్ పాటలు. సినిమా శుక్రవారం వస్తె, ఆదివారం రాత్రికి మా అన్న ఆ పాటలు బెంజో మీద పలికించేటోడు. మీటలు చూసేటోడు కాదు. ఎటో చూసుకుంట, నోట్ల బీడీ పెట్టుకొని.

రెండో పాళీ రాత్రి పన్నెండుకు విడుస్తె, అన్న స్నానం చేసి, తిని, ఒంటిగంటకు వ్యాయామశాల వెనక కూసునేటోడు. అప్పుడు ప్రాక్టీసు. మూడో పాళీకి పోయినోళ్ళ ఇండ్లు ఖాళీ, ఉన్నోళ్ళు నిద్రల. ఎవ్వరూ తిట్టలే. ఒక్కొక్క గది 160 అడుగులు, పది మంది పండుకునే కాడ చప్పుడుకు ఎవడు లేస్తడు? పైగ మావోళ్ళ చెవులు అప్పటికే సగం పోయినయి. సాంచాల ఖాతాల మాట వినపడదు, పెదవులు చూసి మాట్లాడుకునేటోళ్ళం. అసొంటోళ్ళకు సన్నగ వీణ వాయిస్తె ఏం వినపడతది? మా ఊర్ల బెంజో అంత గట్టిగ ఎందుకు మోగిందని ఎవరన్న అడిగితే నా జవాబు ఇది. వినేటోళ్ళు మిల్లోళ్ళు.

నాకు వాయించుడు రాదు. నేను భోంగా మోసేటోన్ని. బొంబాయిల భోంగా అంటె రెండు. పొద్దుగాల మిల్లుల కూసేది ఒకటి, పార్టీకి కట్టే హారన్ స్పీకర్ ఒకటి. రెండో దాన్ని నేను భుజం మీద పెట్టుకొని హాత్‌గాడి ముంగట నడిచేటోన్ని. గాడిల జాగ లేక కాదు, జనం నెత్తుల మీదికెల్లి చప్పుడు పోవాలంటే ఎవడన్న పైకి ఎత్తి పట్టుకోవాలె. చెవి పక్కనే మోగేది. రాత్రంత మోసినంక తెల్లారి తల్లి పిలిచినా వినపడకపోయేది. దానికి నాకు ఇచ్చేది చాయ్, వడాపావ్, ఒక్కోసారి రెండు రూపాయలు. ఆ రెండు రూపాయలు ఎన్నడూ అడగలే. అన్న పార్టీల ఉన్న అని చెప్పుకుంటే చాలు. గాడి కదిలే ముందు అన్న నా దిక్కు చూసి గదువ పైకి ఎత్తేటోడు, అంటె ఎత్తుకో అని. ఆ గదువ కోసం నేను ఎంత దూరమైన నడిచేటోన్ని. భోంగా మా ఇంట్ల మంచం కింద ఉంటుండె. మా అమ్మ దాంట్ల ఉల్లిగడ్డలు పోసి పెట్టింది ఒకసారి, అన్న మస్తు నవ్విండు.

పద్దెనిమిది నిండినంక అన్ననే జాబర్‌తోని మాట్లాడి నన్ను బదిలీల పెట్టించిండు. పొద్దుగాల గేటు కాడ నిలబడాలె, ఎవడన్న రాకపోతె పిలుస్తరు. సాంచా మీద తెగిన పోగు ఎట్ల పట్టుకోవాలె, నాడె ఎట్ల మార్చాలె, ఆయన్నే నేర్పిండు. 1981ల నా పెండ్లి, ఊర్ల అయింది. ఇక్కడికి వచ్చినంక బరాత్ పైసలు తీసుకోకుండ వాయించిండ్రు. నా పెండ్లికి కూడ భోంగా నేనే మోసిన, పెండ్లికొడుకు బట్టల్ల. ఇంకెవ్వరికి ఎత్తు సరిపోలే.

తర్వాత సమ్మె. రెండున్నర లక్షల మంది. డాక్టర్ దత్తా సామంత్ మీటింగులకు మా పార్టీ పోయేది. మొదటి నెలల్ల అది పండుగ లెక్కనే ఉండె, అబద్ధం ఎందుకు. గేటు కాడ వాయించుడు, దస్తీ పరిచి చందాలు వసూలు చేసుడు, ఆ పైసలతోని చాలుకు జొన్నలు, బియ్యం. ఎండకాలం వచ్చేసరికి సగం మంది ఊర్లకు పోయిండ్రు. దీపావళి వచ్చేసరికి ట్రంపెట్ అమ్ముడుపోయింది. పుస్తెలు పోయినయి, ఇత్తడి బిందెలు పోయినయి. మీ ఇండ్లల్ల గూడ పోయినయి, నేను మళ్ళ రాసేదేం లేదు.

1983ల మిల్లులు కొంత కొంత నడుపుడు మొదలుపెట్టిండ్రు. లోపలికి వచ్చినోళ్ళకు పని. మా ఇంట్లామెకు అప్పుడు ఏడో నెల, కాళ్ళు వాచినయి, రక్తం లేదన్నరు దవాఖానల. ఒక పొద్దుగాల చీకటి ఉండంగ నేను పోయిన. గేటు లోపలికి టెంపోల ముప్పై మందిని తీసుకపోయిండ్రు, మీద తాడిపత్రి కప్పి. మలుపు కాడ ఇరానీ హోటల్ ముంగట టెంపో ఆగింది, తాడిపత్రి గాలికి లేసింది. అన్న అక్కడ నిలబడి ఉన్నడు, చేతిల చాయ్ సాసర్. నన్ను చూసిండు. తిట్టలే, రాయి వేయలే. వేరేటోళ్ళు వేసిండ్రు గని ఆయన వేయలే.

ఆ సాయంత్రం పదేండ్ల పిలగాడు మా తలుపు కాడికి వచ్చిండు. "అన్న భోంగా తెమ్మన్నడు" అన్నడు. నేను మంచం కింద నుంచి తీసి, దుమ్ము తుడిచి, ఇచ్చిన. ఆ పిలగాడు మోయలేక నేల మీద ఈడ్చుకుంట పోయిండు. మెట్ల మీద అది టంగ్ టంగుమని కొట్టుకున్న చప్పుడు నాకు ఇప్పటికీ వినపడతది. వేరే చప్పుళ్ళు వినపడయి గని అది వినపడతది.

సమ్మె అయిపోయిందని ఎవ్వరూ చెప్పలే. అది అట్లనే ఉన్నది. అన్నను మళ్ళ మిల్లుల తీసుకోలే. కుటుంబంతోని భివండీ పోయిండు, పవర్‌లూముల్ల పన్నెండు గంటల పని. బెంజో పార్టీ విడిపోయింది. మా పెద్దోడు పుట్టిండు, తల్లీ పిల్లా బాగున్నరు. మిల్లు ఇంకా కొన్నేండ్లు నడిచి అదీ మూతపడ్డది. ఏ మిల్లు కోసం నేను తాడిపత్రి కింద దూరిన్నో ఆ మిల్లు జాగల ఇప్పుడు అద్దాల బిల్డింగు. మా చిన్న కోడలు అందుల్నే పనిచేస్తది. అద్దాల వెనక ఏసీ చల్లగుంటదట.

2010 వినాయక చవితికి మా చాలు మండలోళ్ళు పాత పార్టీని పిలుస్తున్నమని బోర్డు మీద సుద్దతోని రాసిండ్రు. మరాఠీల. నేను రెండుసార్లు చదివిన. నాలుగో దినం, రాత్రి ఎనిమిదికి. ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే. ఇస్త్రీ అంగి వేసుకుంటే మా ఆమె "యాడికి" అన్నది, "కిందికే" అన్న. ఆమెకు తెలుసు. ఇంకో మాట అడగలే.

స్టేజీ ముంగట కూసోలే. బిల్డింగు మెట్ల కాడ స్తంభం పక్కకు నిలబడ్డ, వెలుగు పడని కాడ. ఐదుగురిల ముగ్గురే వచ్చిండ్రు. ఢోలక్ ఆయన పోయి అప్పటికి చాన ఏండ్లు, ఆయన కొడుకు వచ్చి కూసున్నడు. ట్రంపెట్ ఆయనకు పండ్లు లేవు, గాలి పట్టలేడు, కుర్చీల కూసొని ఖుల్‌ఖులా ఊపిండు. హాత్‌గాడి లేదు. మనిషెత్తు స్పీకర్లు ఇటు రెండు, అటు రెండు. భోంగా మోసేటోని పని ఎవ్వరికీ లేదు. నా చేతులు యాడ పెట్టుకోవాల్నో తెల్వలే.

అన్న వచ్చిండు. బక్కగ అయిండు, తల మొత్తం తెల్లగ. పెట్టె మాత్రం అదే. మూల కాడ ఎర్ర రంగు పోయిన జాగ నాకు గుర్తే, దాదర్‌ల వానల జారి పడ్డప్పుడు పోయింది. మొదటి పాట మొదలుపెట్టిండు.

బాగ వాయించలే. మీకు అబద్ధం చెప్ప. ఎడమ చెయ్యి రెండు వేళ్ళు వంగుతలేవు. పవర్‌లూమ్ పట్టా కింద పడ్డయని తర్వాత తెలిసింది. జోరుగ పోవాల్సిన కాడ మీటలు తప్పినయి, బోంగో ఆయన ఆగి ఆయన కోసం చూస్తుండె. మీటల దిక్కు చూసుకుంట వాయిస్తుండు. ఎన్నడూ చూడనోడు! ముంగట కూసున్న పోరలు కొంచెం సేపు చూసి లేసిండ్రు. ఒకడు డీజే ఎప్పుడు పెడతరని అడిగిండు. నేను వెళ్ళిపోదామనుకున్న. నా చిన్నప్పటిది అట్ల చూసుడు కన్న చూడకపోవుడే మంచిగుండె అనిపించింది.

మూడో పాట 'యాదోంకీ బారాత్'ది. ఆ సినిమా కథ మీకు తెలుసు, విడిపోయిన అన్నదమ్ములు ఇంటి పాటతోని ఒకర్నొకరు గుర్తుపడతరు. మొదట మెల్లగ తీసుకున్నడు, ఆ రెండు వేళ్ళు ఇడిసిపెట్టి మూడు వేళ్ళకు సరిపోయేటట్టు పాటను మార్చుకున్నడు. పక్కన ఢోలక్ పిలగాడు తండ్రి దెబ్బనే కొట్టిండు, అచ్చం అదే, ఒక దెబ్బ ఆలస్యంగ పడేది. అప్పుడు అన్న తల పైకి ఎత్తిండు. మీటలు ఇడిసి ఎటో చూసిండు. ఎంత సేపు? మూడు నిమిషాలు ఉంటదేమో. నా చెవులకు సన్న తీగలు వినపడవు ఇప్పుడు, డాక్టరు చెప్పిండు ఆ మోతాదు పోయిందని. ఢోలక్ ఛాతిల తెలుస్తది, పాట మాత్రం లోపలిదే, పాతదే. అయినా వినపడ్డది. మా చాలు ముసలోళ్ళంత మొదటి అంతస్తు, రెండో అంతస్తు కిటికీల కాడికి వచ్చి నిలబడ్డరు. ఎవ్వరూ చప్పట్లు కొట్టలే. సాంచా మీద చేతులు పెట్టుకున్నట్టు కటకటాల మీద చేతులు పెట్టుకొని నిలబడ్డరు.

పదికి పోలీసాయన వచ్చి గడియారం చూపించిండు. పది దాటితే మైకు బంద్, సుప్రీం కోర్టు మాట. మా కాలంల తెల్లారిందాక నడిచేది. పాట సగంల ఆపిండ్రు.

జనం పోయిండ్రు. వైర్లు చుట్టాలె. మండలి పోరలు వైర్లను బొంతలెక్క కుప్ప చేస్తుండ్రు. నా వల్ల కాలే. పోయి ఒక కొస పట్టుకొని, బొటన వేలు నుంచి మోచేతికి, మోచేతి నుంచి బొటన వేలుకు చుట్టుడు మొదలుపెట్టిన. ఎనక నుంచి మాట వినపడ్డది.

"సరిగ్గ చుట్టు. మెలిక పడతది."

ఇరవై ఏడేండ్లకు ఆయన నాతోని అన్న మొదటి మాట అది. తల ఎత్తలే నేను. మొత్తం చుట్టి, ముడి వేసి, ఆయన ముంగట పెట్టిన. ఆయన పెట్టెను గుడ్డల చుడుతుండు.

"అప్పుడు పుట్టినోడు ఏం జేస్తుండు?" అన్నడు.

అన్నకు తెలుసు. మా ఆమెకు ఏడో నెల అని, కాళ్ళు వాచినయని, చాలుల అందరికీ తెలిసినట్టు ఆయనకూ తెలుసు. తెలిసే భోంగా తెప్పించుకున్నడు. నేను ఏం చెప్పాల్నో తెల్వక "కంప్యూటర్ల పని" అన్న. "మంచిది" అన్నడు. "నేనైతే పోకపోతుంటి" అని కూడ అన్నడు, అదే గొంతుతోని, వైరు గురించి అన్నట్టే. రెండూ అన్నడు. రెండూ ఆయన మాటలే, నేను ఒకటి చెప్పి ఒకటి దాచి పెట్టను.

ఇద్దరం పోయి చాయ్ తాగినం. ఆ దినాలల్ల మిల్లోళ్ళకు ఇండ్లు ఇస్తరన్న ముచ్చట నడుస్తుండె. 1982 జనవరి 1 నాడు గని, ఆ తర్వాత గని మిల్లు పట్టీల పేరున్నోళ్ళకు హక్కు ఉంటదని. సమ్మెల నిలబడ్డోళ్ళకు గూడ అన్న మాట. అన్న కాగితాలు 2005 జూలై 26 వరదల కొట్టుకపోయినయి. టికెట్ నెంబరు కూడ యాదికి లేదన్నడు. నాకు యాదికి ఉన్నది. పని నేర్చుకున్న ఏడాది దినాం ఆయన ఎనక నిలబడి హాజరు వేయించుకున్నోన్ని, యాదికి ఉండదా? అక్కడ్నే చాయ్ హోటల్ బిల్లు ఎనక రాసి ఇచ్చిన. తర్వాత బాంద్రా పి.ఎఫ్. ఆఫీసుకు ఇద్దరం కలిసి మూడుసార్లు పోయినం. ఆ నెంబరు మీద ఆయన పేరు దొరికింది. ఫారం నింపినం. 2012 జూన్‌ల మొదటి లాటరీ తీసిండ్రు, 6,925 ఇండ్లు. దరఖాస్తులు లక్షన్నర దాక. ఆయన పేరు రాలే, నా పేరు రాలే. ఇప్పటికీ రాలే.

పెద్దోనికి ఈ కథ తెల్వదు. వాని కోసమే పోయిన అని చెప్తె వాని నెత్తిన పెట్టినట్టు అయితదని చెప్పలే. వాడు మరాఠీ బడి, ఇంగ్లీషు కాలేజీ. ఈ పత్రిక చదువుడు వానికి రాదు గనక ధైర్యంగ రాస్తున్న. అయితె ఆ రాత్రి వాడు గొంతు పోయి వచ్చినప్పుడు, కోడలు లోపలికి పోయినంక, చాపల కూసొని ఊరికే అడిగిండు, "బాపూ, మీ కాలంల ఏం బ్యాండు ఉండె?" అని. నేను బెంజో పార్టీ ముచ్చట చెప్పిన, టెంపో ముచ్చట కాదు. ఆయన బతికి ఉన్నడా అంటే ఉన్నడు, భివండీల, అన్న. చూస్త అన్నడు.

వచ్చే ఆదివారం పోతున్నం. నిన్న ఫోన్ చేసిన, ఇద్దరం అరుసుకున్నం. పెట్టె ఉన్నది గని తీగలు తుప్పు పట్టినయట. వాడు మోటారు సైకిల్ మీద పోదామంటుండు, నా నడుముకు కాదు, బస్సుల్నే పోవాలె. పోయే ముందు గిర్గావ్‌ల తీగలు కొనాలె. దుకాణపోన్ని సన్నవి ఇమ్మనాల్నా, లావువి ఇమ్మనాల్నా అడుగుడు మర్చిపోయిన. మళ్ళ ఫోన్ చేయాలె.